చిన్న జట్లకొక పెద్ద కప్పు

రాయలసీమ తిరునాళ్ళలో బండలాగుడు పందెం చూచినవారికి ఒక సంగతి తెలిసియే ఉంటుంది. అక్కడ ఎద్దులన్నింటిని ఒకే వరుసలో నిలిపి ఒకే బండకు కట్టరు. ముందుగా నోరు తెరిపించి పండ్లు చూస్తారు. పాలపండ్ల కోడెలకు ఒక పందెం, రెండు పండ్లవాటికి ఒకటి, నాలుగు పండ్లవాటికి, ఆరు పండ్లవాటికి వేరువేరు పందేలు. బండ బరువు కూడా వయస్సును బట్టి మారుతుంది. పాలపండ్ల గిత్తను ముదురు జోడి లాగే బండకు కట్టితే అది ఆనాడు ఓడుటయే కాదు, మరునాడు కాడి చూచినంతనే బెదరుతుందని రైతుకు తెలుసు. ఈ తెలివి పశువుల విషయంలో మనకు తరతరాలుగా ఉన్నది. పిల్లల విషయంలో మాత్రం అంతగా కనబడదు.

కదిరికి అవతల, నంబులపూలకుంట వంటి మండలకేంద్రపు ఉన్నత పాఠశాలనుండి ఒక ఫుట్‌బాల్ జట్టు జిల్లా పోటీలకు బయలుదేరినదనుకొందాము. వేరుసెనగ చేల నడుమ, గులకరాళ్ళు ఏరివేసిన నేలమీద, చాలవరకు వట్టికాళ్ళతో ఆడి నేర్చుకొన్న పిల్లలు. తెల్లవారకముందే బస్సెక్కి పట్నం చేరుతారు. పచ్చిక మైదానంలో, బూట్లు తొడిగి, ఏడాది పొడవునా శిక్షణ పొందిన జట్టు వారికి తొలి ఆటలోనే ఎదురవుతుంది. గంట తిరిగేలోపల ఎనిమిది గోళ్ళు పడుతవి. ఓడిన జట్టు వెనుదిరగవలసినదే గనుక ఆ మధ్యాహ్నమే తిరుగు బస్సు. ఆ పిల్లలు ఆ దినాన ఏమి నేర్చుకొన్నారని అడిగితే, తాము చేతగానివారమని నేర్చుకొన్నారని చెప్పవలసి వస్తుంది.

ఆసియా ఖండపు ఫుట్‌బాల్ లోకంలో సరిగా ఇదే చిక్కు చాలకాలం ఉండెను. జపాన్, దక్షిణ కొరియా, ఇరాన్, సౌదీ అరేబియా వంటి దేశాల క్లబ్బులు ఒకవైపు. భూటాన్, కంబోడియా, నేపాల్ వంటి దేశాల క్లబ్బులు మరొకవైపు. రెండింటిని ఒకే పందిరి క్రిందికి తెస్తే ఆట నడువదు. తేకుంటే చిన్న దేశాలకు అంతర్జాతీయ క్రీడయే లేదు. ఈ చిక్కును విప్పడానికి ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య రైతు పద్ధతినే పట్టినది. దేశాలను మూడు తరగతులుగా విడదీసినది. ఎదిగినవాటికి ఛాంపియన్స్ లీగ్, ఎదుగుతున్నవాటికి 2004లో మొదలైన ఏ.ఎఫ్.సీ. కప్పు, అప్పుడప్పుడే మొలకెత్తుతున్నవాటికి 2005లో ప్రారంభమైన ప్రెసిడెంట్స్ కప్పు. ఈ మూడవదానిని గూర్చి మన పత్రికలు వ్రాసినది బహుస్వల్పం. భారతదేశపు క్లబ్బులు నడిమి తరగతిలో చేరినందున మన జట్టేదియు అందులో ఆడలేదు. మనవారు ఆడని పోటీని గూర్చి మనకు కుతూహలము తక్కువ. కాని చదువు చెప్పేవారికి, చదువుకొనేవారికి ఆ కప్పు కథలో తీసుకోదగినది చాలనే ఉన్నది.

తొలి పోటీ 2005లో నేపాల్ రాజధాని కాట్మండులో జరిగినది. ఎనిమిది దేశాల విజేత క్లబ్బులు వచ్చినవి: నేపాల్, భూటాన్, శ్రీలంక, పాకిస్తాన్, కంబోడియా, చైనీస్ తైపే, తాజికిస్తాన్, కిర్గిజ్‌స్థాన్. ఈ క్లబ్బుల పేర్లు చూస్తేనే వాటి పుట్టుక తెలుస్తుంది. పాకిస్తాన్ జట్టు జలవిద్యుత్ అభివృద్ధి సంస్థ ఉద్యోగులది. తైవాన్ జట్టు అక్కడి విద్యుత్ కంపెనీది. తాజికిస్తాన్ నుండి వచ్చిన రెగార్ తడాజ్, తుర్సున్‌జోదా అనే ఊరిలోని అల్యూమినియం కర్మాగారపు జట్టు. కిర్గిజ్‌స్థాన్ వారి దొర్దోయ్, బిష్కెక్ నగరపు పెద్ద అంగడి పేరు పెట్టుకొన్నది. తరువాతి ఏండ్లలో నేపాల్ తరఫున మహేంద్ర పోలీస్ క్లబ్బు, తుర్క్‌మెనిస్తాన్ తరఫున ఒక విశ్వవిద్యాలయపు జట్టు వచ్చినవి. కోట్లకు ఆటగాండ్రను కొని తెచ్చే యజమానులు వీటికి లేరు. పగలు పనిచేసి సాయంకాలం బంతి తన్నే మనుష్యులనుండి పుట్టిన జట్లివి.

ఆ కప్పును పది పర్యాయములు, 2005 మొదలు 2014 వరకు, ఏటేటా నడిపినారు. ప్రారంభంలో ఎనిమిది జట్లను రెండు వర్గాలుగా విభజించి, ప్రతి జట్టుకు కనీసం మూడు ఆటలు దక్కేటట్లు చేసినారు. అసలు కిటుకంతా ఇక్కడనే ఉన్నది. తొలి ఆటలో ఓడిన జట్టు మూటాముల్లె సర్దుకొనక, రెండవ ఆటలో తప్పు దిద్దుకొనవచ్చును, మూడవదానిలో గెలువవచ్చును. భూటాన్ వంటి చిన్న దేశపు క్లబ్బుకు విదేశీగడ్డమీద వారంలో మూడు ఆటలంటే అంతకు మునుపు కలలోని మాట.

తొలి కప్పును రెగార్ తడాజ్ గెలుచుకొన్నది. తుదిపోటీలో దొర్దోయ్ మీద మూడు గోళ్ళు వేసి తానొక్కటియు తినలేదు. ఈ దొర్దోయ్ కథ విచిత్రమైనది. 2005 నుండి 2010 వరకు వరుసగా ఆరు తుదిపోటీలు ఆడినది. 2006లో మలేషియాలోని కుచింగ్‌లోను, 2007లో లాహోరులోను గెలిచినది. తక్కిన నాలుగింటిలో ఓడినది. 2008లోనైతే తన సొంత నగరమైన బిష్కెక్‌లో, తన జనం ఎదుట, పెనాల్టీ తన్నులలో రెగార్ తడాజ్‌కే కప్పును వదులుకొన్నది. మరునాటి ఏడు మరల ఆ జట్టు చేతిలోనే ఓడినది. ఆ తరువాత 2010లో రంగూనులో బర్మావారి యదనార్బన్ జట్టుకు అదనపు కాలంలో పడిన ఒక్క గోలుతో తలవంచినది. ఇన్నిసార్లు ఓడియు ఏటేటా తుదిపోటీకి వస్తూనే ఉన్నదంటే ఆ జట్టును మెచ్చుకొనక తప్పదు. గెలిచినవారి పేర్లు మాత్రమే పాఠ్యపుస్తకాలలోకి ఎక్కుతవి గాని, బడిపిల్లలకు చెప్పదగిన కథ దొర్దోయ్‌దే.

2007 లాహోరు తుదిపోటీలో దొర్దోయ్‌తో తలపడినది నేపాల్ పోలీసుల జట్టు. రెండుకు ఒకటి గోళ్ళ తేడాతో ఓడినారు. 2011లో తైవాన్ విద్యుత్ కంపెనీ జట్టు కాహ్‌స్యుంగ్ నగరంలో కంబోడియా వారి నాంపెన్ క్రౌన్‌ను మూడుకు రెండుతో ఓడించి కప్పందుకొన్నది. 2012 తుదిపోటీ దుషాంబేలో జరిగినది. తాజికిస్తాన్ వారి ఇస్తిక్లాల్‌కు ఎదురు నిలిచినది పాలస్తీనానుండి వచ్చిన మర్కజ్ షబాబ్ అల్ అమారి. అది రమల్లా చెంత ఉన్న ఒక శరణార్థి శిబిరపు యువకుల కేంద్రం. గుడారాలనుండి గోడలుగా మారిన ఇరుకు సందులలో పెరిగిన కుర్రవాండ్రు ఆసియా స్థాయిలో ఒక తుదిపోటీ ఆడి, ఒకటికి రెండు గోళ్ళతో ఓడి రెండవ స్థానం పొందినారు. ఛాంపియన్స్ లీగ్ ఒక్కటే ఉండినట్లయితే ఆ శిబిరం పేరు దుషాంబేలో ఎవ్వరికి వినబడి ఉండేది? చివరి రెండు కప్పులు తుర్క్‌మెనిస్తాన్‌కు పోయినవి: 2013లో బల్కన్ జట్టుకు, 2014లో కొలంబోలో విశ్వవిద్యాలయ జట్టుకు. ఆ మీదట సమాఖ్య ఈ పోటీని ఎత్తివేసి, చిన్న దేశాల క్లబ్బులను ఏ.ఎఫ్.సీ. కప్పు అర్హత పోటీలలోకి పంపినది.

ఇక మనవైపు చూద్దాము. పోలీసు జట్లు, ఉద్యోగుల జట్లు అన్న మాట వింటే తెలుగునాట పెద్దలకు వెంటనే జ్ఞప్తికి వచ్చేది హైదరాబాదు నగర పోలీసు జట్టు. 1950 నుండి 1954 దాక వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఎవ్వరికి విడువకుండా హైదరాబాదుకే తెచ్చిన జట్టది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యురాండ్ కప్పు గూడ గెలిచినది. ఆ జట్టుకు గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన ఆయన వృత్తిచేత బడిపంతులు. హైదరాబాదు పాఠశాలలలో పాఠాలు చెప్పినవాడు. 1950 మొదలు 1963లో మరణించే వరకు నగర పోలీసు జట్టుకు, దేశపు జట్టుకు కూడ ఆయనే శిక్షకుడు. ఆయన పేరు చెప్పినప్పుడెల్లా 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఏషియన్ క్రీడల స్వర్ణపతకాలను, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానాన్ని స్మరిస్తారు. అందులో అన్యాయమేమియు లేదు. కాని ఆ విజయాల నడుమ జరిగిన మరొక సంగతిని సాధారణంగా దాటవేస్తారు.

1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్ళిన మన జట్టును యుగోస్లావియా పదింటికి ఒకటి గోళ్ళతో చితుకగొట్టినది. మనవారిలో పలువురు అప్పటికింకను వట్టికాళ్ళతో ఆడుతున్నారు. నంబులపూలకుంట పిల్లలకు జిల్లా పోటీలో జరుగగలదని పైన ఊహించుకొన్నది అక్కడ దేశపు జట్టుకే జరిగినదన్నమాట. నాలుగేండ్ల పిమ్మట మెల్‌బోర్న్‌లో అదే యుగోస్లావియాతో మనవారు సెమీఫైనల్ ఆడినారు. నాలుగుకు ఒకటితో ఓడినారు. మొదట గోలు వేసినది మాత్రం మనవారే. పది నాలుగైనది. ఈ నాలుగేండ్లలో ఏమి జరిగినది?

బూట్లు తొడుగుట నిర్బంధమైనది, అది ఒకటి. రహీం క్రొత్త ఆటతీరులు నేర్పినారు, అది మరొకటి. మూడవది, ఎవ్వరికి గుర్తులేనిది, కొలంబో కప్పు. భారతదేశం, పాకిస్తాన్, బర్మా, సింహళం, ఈ నాలుగు దేశాలు కలసి 1952 నుండి 1955 వరకు ఏటికొక పోటీ నడుపుకొన్నవి. కొలంబోలో ఒకయేడు, రంగూనులో ఒకయేడు, కలకత్తాలో, ఢాకాలో ఒక్కొక్కయేడు. మొదటి ఏడు పాకిస్తాన్‌తో కప్పు పంచుకొన్నాము. తరువాతి మూడేండ్లు మనమే గెలిచినాము. నాలుగును క్రొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాలే. నాలుగింటి ఆటయు ఇంచుమించు ఒక్క అంతస్తుదే. ఒకరినొకరు గెలువవచ్చును, ఓడవచ్చును. హెల్సింకీకి మెల్‌బోర్న్‌కు నడుమ మన జట్టు అభ్యాసం చేసినది యూరపు దిగ్గజాలతో కాదు, ఈ ఇరుగుపొరుగువారితో. ప్రెసిడెంట్స్ కప్పును ఆసియా సమాఖ్య 2005లో కనిపెట్టినదనుకొంటాము గాని, దాని మాతృక అర్ధశతాబ్దికి పూర్వమే మన ముంగిట ఉన్నది.

దేశాలకు అట్టి పోటీ దొరికినది గాని క్లబ్బులకు దొరకలేదు. హైదరాబాదు పోలీసులు ఉచ్ఛస్థితిలో ఉన్న కాలంలో ఆసియా క్లబ్బులకు పోటీయే లేదు. ఖండస్థాయి క్లబ్బు పోటీ 1967లో బాంకాకులో గాని మొదలు కాలేదు. అప్పటికి రహీం గతించి నాలుగేండ్లు. ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినది 1965-66లో. 1969లో ఆసియా క్లబ్బుల పోటీకి మన దేశంనుండి క్లబ్బు గాక సంతోష్ ట్రోఫీ గెలిచిన మైసూరు రాష్ట్రపు జట్టు వెళ్ళినది. ఆ ఆచారం మూడు నాలుగేండ్లు ముందుగా ఏర్పడి ఉంటే వెళ్ళవలసినది మనవారే! సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టి ఇరువదియేండ్ల ప్రాయంలోనే మెల్‌బోర్న్‌లో ఆడిన తులసీదాస్ బలరాం వంటి వారి తరమది. అటువంటివారు తమ ఊరి జట్టు తరఫున ఆసియాలో ఆడే అదృష్టానికి నోచుకోలేదు.

హైదరాబాదుకు ఆసియా చిన్న దేశాల పోటీ వచ్చినది మరొక రూపంలో. ప్రెసిడెంట్స్ కప్పు క్లబ్బులకైతే, దానికి జంటగా దేశాల జట్లకు ఛాలెంజ్ కప్పు అని ఒకటి పెట్టినారు. 2006లో ఢాకాలో తొలి కప్పు జరిగి తాజికిస్తాన్‌కు చెందినది. రెండవది 2008 జూలై 30న హైదరాబాదులో ఆరంభమైనది. లాల్‌బహదూర్ స్టేడియం, గచ్చిబౌలి స్టేడియం వేదికలు. ఎనిమిది దేశాలు వచ్చినవి: భారతదేశం, తాజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ ఒక వర్గం, ఉత్తర కొరియా, బర్మా, నేపాల్, శ్రీలంక మరొక వర్గం. ఉత్తర కొరియాను ఈ చిన్నవారి వరుసలో చూచి చరిత్ర తెలిసినవారు నవ్వుకొని ఉంటారు. 1966 ప్రపంచ కప్పులో ఇటలీని ఇంటికి పంపిన దేశమది! తరగతులు కట్టేవారి లెక్కలు ఎల్లప్పుడు సరిగా ఉండవు, బడిలోనైనా అంతే.

మనవారి మొదటి ఆట ఆఫ్ఘనిస్తాన్‌తో. సులభంగా గెలుస్తారనుకొన్నది ముగింపు ఘడియ దాక గోలు లేక నడిచినది. అదనపు నిమిషాలలో క్లైమాక్స్ లారెన్స్ వేసిన ఒక్క గోలు గట్టెక్కించినది. తాజికిస్తాన్‌తో ఒకటికి ఒకటి సమం. తుర్క్‌మెనిస్తాన్ మీద భైచుంగ్ భూటియా రెండు గోళ్ళు వేయగా రెండుకు ఒకటితో గెలుపు. సెమీఫైనల్‌లో బర్మాపై సునీల్ ఛేత్రి వేసిన ఏకైక గోలుతో తుదిపోటీ చేరినారు. ఒక్క ఆటయైనా ధీమాగా గెలిచినది లేదని గమనించవలెను. గెలిచినవన్నియు ఒక్క గోలు తేడా ఆటలే. సరిజోడుతో ఆడుటంటే ఇదే: చివరి ఘడియ వరకు కాలు నిలువదు, కన్ను తిప్పుటకు వీలులేదు.

ఆగస్టు వానలు హైదరాబాదు మైదానాన్ని బురదగుండం చేసినవి. అందుచేత తుదిపోటీని ఢిల్లీలోని అంబేద్కర్ స్టేడియానికి తరలించినారు. ఒక ఒలింపిక్ తరాన్ని పెంచిన నగరం వాన తట్టుకొనే ఒక మైదానం చూపలేక తుదిపోటీని పోగొట్టుకొన్నదన్న మాట కష్టంగానే ఉంటుంది. ఆగస్టు 13న ఢిల్లీలో తాజికిస్తాన్‌ను మనవారు నాలుగుకు ఒకటితో ఓడించినారు. ఛేత్రి మూడు, భూటియా ఒకటి. ఆ విజయం మూలాన 1984 తరువాత తొలిసారిగా మన దేశానికి ఆసియా కప్పులో, 2011లో దోహాలో, ఆడే అర్హత వచ్చినది. ఆ ఆసియా కప్పులో ఆస్ట్రేలియా నాలుగు, బహ్రెయిన్ ఐదు, దక్షిణ కొరియా నాలుగు గోళ్ళు మనపై వేసినవి. మూడాటలు మూడోటములు.

ఆ రోజు ఢిల్లీలో నాలుగు గోళ్ళు తిన్న తాజికిస్తాన్ తరువాత ఏమైనది? ఆ దేశపు క్లబ్బులు ప్రెసిడెంట్స్ కప్పులో 2005, 2008, 2009, 2012లలో నాలుగుసార్లు గెలిచినవి. 2012 విజేత ఇస్తిక్లాల్ పై మెట్టెక్కి ఏ.ఎఫ్.సీ. కప్పులో 2015లోను, 2017లోను తుదిపోటీ ఆడినది. 2021లో ఛాంపియన్స్ లీగులో వర్గదశ దాటినది. 2007లో పుట్టిన క్లబ్బు పదునాలుగేండ్లలో మూడు మెట్లెక్కినది. క్లబ్బు వెంట దేశం కూడ నడచినది. 2024 జనవరి, ఫిబ్రవరి నెలలలో కతారులో జరిగిన ఆసియా కప్పుకు తాజికిస్తాన్ తొలిసారి వచ్చి, యు.ఏ.ఈ.ని పెనాల్టీలతో ఓడించి క్వార్టర్ ఫైనల్ వరకు పోయినది. అదే కప్పులో భారతదేశం మూడాటలలో ఆరు గోళ్ళు తిని ఒక్కటియు వేయలేక తిరిగి వచ్చినది.

దీనినిబట్టి చిన్న కప్పు పెద్ద జట్టును చేస్తుందని సూత్రం కట్టబోతే అదియు పొరపాటే. నేపాల్, శ్రీలంక, పాకిస్తాన్‌ల క్లబ్బులు కూడ అదే కప్పులో ఆడినవి. పాకిస్తాన్ ప్రపంచ కప్పు అర్హత పోటీలలో తన తొలి ఆట గెలిచినది 2023 అక్టోబరులో! ఏడాదికొక వారం జరిగే పోటీ, తక్కిన ఏబదియొక్క వారాలు ఇంట్లో ఏమి జరుగుతున్నదో దానిని బయటపెట్టగలదే గాని దాని స్థానంలో నిలువలేదు. మనవారు అసలు ఆడనే లేదనియు కాదు: బెంగళూరు జట్టు 2016లో ఏ.ఎఫ్.సీ. కప్పు తుదిపోటీ దాక పోయినది. 2025 ఆగస్టులో మన దేశపు జట్టు తాజికిస్తాన్‌ను వారి గడ్డమీదనే రెండుకు ఒకటితో గెలిచినది. కాని నడిమి మెట్టుమీద పుట్టినవానికి క్రింది మెట్టు ఎక్కే బాధ తెలియదు. తాజికిస్తాన్‌కు తెలిసినది.

తమాషా ఏమంటే, సమాఖ్య ఎత్తివేసిన మూడవ మెట్టును పదేండ్లకు మరల కట్టుకొన్నది. 2024లో ఛాలెంజ్ లీగ్ అనే పేర మూడవ తరగతి క్లబ్బుల పోటీ తిరిగి వచ్చినది. ఈసారి మన దేశపు క్లబ్బొకటి అందులో ఉన్నది. కలకత్తా ఈస్ట్ బెంగాల్! పై పోటీ అర్హతలో తుర్క్‌మెనిస్తాన్ వారి అల్తిన్ అసిర్ చేతిలో రెండుకు మూడుతో ఓడి క్రిందికి దిగినది. భూటాన్ రాజధాని థింపూలో వర్గం ఆటలాడి, పారో జట్టుతో రెండుకు రెండు సమంగా ముగించి, బంగ్లాదేశ్, లెబనాన్ జట్లపై గెలిచి ముందుకు పోయినది. 2025 మార్చిలో క్వార్టర్ ఫైనల్‌లో అర్కదాగ్ అనే తుర్క్‌మెన్ జట్టుతో రెండాటలలోను ఓడినది. ఆ అర్కదాగ్ పుట్టినది 2023లో. ఈస్ట్ బెంగాల్ పుట్టినది 1920లో. మే నెలలో ఆ కప్పును గూడ అర్కదాగే గెలుచుకొన్నది.

హైదరాబాదు సంగతి చెప్పకుండుట మేలేమో గాని చెప్పక తప్పదు. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్‌ను హైదరాబాదు ఎఫ్.సీ. గెలిచినది, కేరళ బ్లాస్టర్స్‌తో గోవాలో పెనాల్టీల దాక పోయి సాధించిన విజయమది. రహీం ఊరికి మంచిరోజులు తిరిగి వచ్చినవని సంబరపడినవారికి ఆ సంతోషం నిలువలేదు. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. 2008 తుదిపోటీ పోయిన దారినే.

ఇంతదూరం తిరిగివచ్చిన పిమ్మట మొదటి ప్రశ్న అక్కడనే ఉన్నది. నంబులపూలకుంట పిల్లల జట్టు తిరుగు బస్సెక్కినది గదా, ఆ జట్టుకు ఆసియా కప్పుల వలన కలిగే మేలేమిటి? నంబులపూలకుంట 2022 ఏప్రిల్ దాక అనంతపురం జిల్లాలోను, ఆ పిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలోను ఉన్న మండలం. తిమ్మమ్మ మర్రిమాను ఉన్న గూటిబయలు ఈ మండలానిదే; 2016నుండి సూర్యరశ్మితో విద్యుత్తు పుట్టించే పలకల తోటలు ఎకరాలకెకరాలు పరచుకొని ఉన్నదీ ఇక్కడనే. వీటిని చూడడానికి దూరప్రాంతాలవారు వస్తారు. బడి మైదానం చూడడానికి ఎవ్వరును రారు. అనంతపురం పట్టణంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ కట్టించిన క్రీడాప్రాంగణం ఉన్నది. పల్లెల ఆడపిల్లలు, మగపిల్లలు అక్కడ ఫుట్‌బాల్ నేర్చుకొంటున్నారు. అది గొప్ప మేలే. కాని ప్రతి పల్లె బిడ్డను అనంతపురం పంపలేము. ఆటనే పల్లెకు పంపవలెను.

అందుకు లెక్కల పంతులు, డ్రిల్లు మాస్టరు ఒక మధ్యాహ్నం కూర్చుండి వేయదగిన గుణింపు ఒకటున్నది. పదహారు బడుల జట్లతో ఓడినవాడు వెళ్ళిపోయే పద్ధతిని పోటీ పెట్టినారనుకొనుడు. మొత్తం ఆటలు పదిహేను. వీటిలో ఎనిమిది జట్లకు దక్కేది ఒక్కొక్క ఆట మాత్రమే. అనగా సగం పిల్లలు ఒక్క గంట ఆటకై ఒక దినమంతా ప్రయాణం చేస్తారు. అవే పదహారు జట్లను నాలుగేసి చొప్పున నాలుగు వర్గాలు చేస్తే, వర్గానికి ఆరు ఆటల చొప్పున ఇరువదినాలుగు, సెమీఫైనళ్ళు రెండు, తుదిపోటీ ఒకటి, వెరసి ఇరువది యేడు. పన్నెండు ఆటలు పెరిగినవి. కాని ఏ జట్టుకును మూడాటలకు తగ్గలేదు. కాట్మండులో 2005లో ఎనిమిది దేశాలకు చేసినది ఈ లెక్కయే.

పట్నపు జట్లు తక్కినవారికంటె మరీ బలమైనవైతే, వర్గాలలో మూడవ, నాలుగవ స్థానాల జట్లకు వేరుగా ఒక చిన్న కప్పు పెట్టవచ్చును. దాని విలువ పది రూపాయల ఇత్తడి గిన్నెయైనను సరే. రహీం మాస్టరు హైదరాబాదులో చేసిన పనులు ఈ కోవలోనివే. ఎడమకాలు చేతగాని పిల్లలకు ఎడమకాలితో మాత్రమే తన్నే పోటీలు, బంతిని తనవద్దనే పెట్టుకొని పరుగెత్తే అలవాటు మాన్పడానికి డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు ఆయన నడిపినారు. వాటిలో గెలిచినవాని పేరు ఎవ్వరికి తెలియదు. అట్లా పెరిగినవారు మెల్‌బోర్న్‌లో ఆడినారన్నది మాత్రం తెలుసు.

జిల్లా కచేరీ అనుమతికై ఎదురుచూడకనే మొదలుపెట్టదలచిన మాస్టరుకు మండలంలోని నాలుగు ఉన్నత పాఠశాలలు చాలును. నాలుగు జట్లకు ఆరు ఆటలు. శనివారం సాయంత్రం రెండేసి చొప్పున మూడు శనివారాలు. బంతులు రెండు, సున్నం ఒక గంప, గోలు గుంజలకు నాలుగు వెదురు బొంగులు, ఈల ఒకటి.